ఊరి పేరులో మూడో అక్షరం

అబిడ్స్‌లో మా నాన్న చేత్తో రాసిన బోర్డులు ఒకప్పుడు గల్లీకి ఒకటైనా కనిపించేవి. బట్టల దుకాణాలు, పళ్ల డాక్టర్లు, టైపు ఇన్‌స్టిట్యూట్లు. ఆయన పక్కన నిచ్చెన పట్టుకుని నిలబడే నేనూ పని నేర్చుకున్నాను. తెలుగు, ఉర్దూ, హిందీ, ఇంగ్లీషు, నాలుగు లిపులూ రాస్తాను. ఉర్దూ గుండ్రంగా, తీరుగా రావడానికే నాకు మూడేళ్లు పట్టింది. తర్వాత ఫ్లెక్సులొచ్చాయి. బ్రష్షులు డబ్బాలో పెట్టేసి, నాంపల్లి స్టేషన్ రోడ్డులోని నాన్న దుకాణంలోనే స్టిక్కర్లు కోసే మెషిన్ పెట్టుకున్నాను.

రెండేళ్ల కిందట ఒక పెద్దాయన వచ్చాడు. రిటైరైన స్టేషన్ మాస్టర్, ఉండేది కాచిగూడలో. పల్లెటూళ్ల గుండా వెళ్లే పాత మీటర్‌గేజ్ లైను గురించి కూర్చున్నవాడు కూర్చున్నట్టే గంటసేపు చెప్పాడు. పెద్ద లైన్లు వచ్చాక దాన్ని మూసేశారట. పట్టాలు చాలావరకు పీకేశారు. ఒక ఊరి దగ్గర మాత్రం మూడు కిలోమీటర్ల ముక్క మిగిలింది. ఆయనలాంటి రిటైరైనవాళ్లు, ఆ ఊరివాళ్లు కలిసి తుమ్మచెట్లు కొట్టి, దాన్ని బాగుచేసి, చిన్న ఇంజనుకి ఒక పెట్టె తగిలించి ఆదివారాలు నడపబోతున్నారు. అన్నీ కుదిరాయి, స్టేషన్ పేరు బోర్డే లేదు. సిమెంటు పలక నిలబడే ఉంది, అక్షరాలు పోయాయి.

ఫ్లెక్సు వేయించి అతికించొచ్చు కదా సార్, ఒక్కరోజులో ఇస్తానన్నాను.

"ఫ్లెక్సు కడితే అది ఫంక్షన్ హాల్ అయితది అమ్మా. నాకు స్టేషన్ కావాలె," అన్నాడు.

ఒప్పుకున్నాను. ఒప్పుకున్న రోజు నుంచీ ఒకటే భయం. పాత బ్రష్షుల వెంట్రుకలు రాలిపోయి ఉన్నాయి. బేగం బజార్‌కి వెళ్లి కొత్తవి కొన్నాను. సాయంత్రాలు దుకాణం షట్టర్ సగం దించి పాత పేపర్ల మీద అక్షరాలు దిద్దాను. మొదటి వారం 'అ' కూడా వంకరగానే వచ్చింది. మా ఆయన చూసి, బాగానే ఉంది, డాక్టరు చీటీలా ఉందన్నాడు.

ఒక శనివారం పొద్దున్నే నేనూ స్టేషన్ మాస్టరూ బస్సులో ఆ ఊరు చేరాం. పలకకి పసుపు రంగు వేసి, ఆరాక నల్ల రంగు డబ్బా తెరిచాను. అప్పటికి ప్లాట్‌ఫారం మీద సగం ఊరుంది. గొడవ అక్కడ మొదలైంది.

ఆ ఊరి పేరు చెప్పను, ఎటు చెప్పినా ఒక పక్షానికి కోపం వస్తుంది. పేరులో మూడో అక్షరం 'ల' అని స్టేషన్ మాస్టర్ దగ్గరున్న పాత ఫోటోలో ఉంది. ఊరివాళ్లేమో అది ముమ్మాటికీ 'ళ' అన్నారు. బడి గోడ మీద 'ళ', పంచాయతీ ఆఫీసు మీద 'ళ'. పాతది ఎట్లా ఉందో అట్లాగే నిలబెట్టడమే తమ పని అని ఆయన వాదన. తప్పును నిలబెట్టేందుకా ఇన్ని తుమ్మలు కొట్టామని వాళ్ల వాదన. ఉర్దూలో, ఇంగ్లీషులో, హిందీలో ఈ తేడా రాదు. వాళ్లు వాదించుకుంటుండగా నేను ఆ మూడూ రాసేశాను. ఉర్దూ చివరి గీత నున్నగా తిరిగినప్పుడు నాకే ఆశ్చర్యమేసింది. తెలుగు చోటు మాత్రం ఖాళీగా ఉండిపోయింది.

ఆ లైను మీద పట్టాలు చూసుకునే గ్యాంగ్‌మన్‌గా చేసినాయన భార్య ఒకామె, ఎనభై దాటిన ముసలామె, పొద్దుట్నుంచీ సిమెంటు బెంచీ మీద కూర్చుని అంతా వింటోంది. నన్ను దగ్గరికి పిలిచి చాయ్ గ్లాసు చేతిలో పెట్టింది.

"నాకు సదువు రాదు బిడ్డా. ఏం రాసినా రైలైతే గీడనే ఆగింది. వీళ్లకు ఏమైంది?" అంది.

దగ్గరున్నవాళ్లు నవ్వారు. ఆ నవ్వులో నేను తలెత్తి ప్లాట్‌ఫారం అటు చివర చూశాను. అక్కడ ఇంకో పలక ఉంది. ఏ స్టేషన్‌కైనా పేరు బోర్డులు రెండు, ఈ కొసకొకటి, ఆ కొసకొకటి. నాకొచ్చిన ఆలోచన భయపడుతూనే చెప్పాను. ఒకదాని మీద పాతది రాస్తాను, రెండోదాని మీద ఊరివాళ్లది.

స్టేషన్ మాస్టర్ టోపీ తీసి, మళ్లీ పెట్టుకున్నాడు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఆయన ఇలాంటిదానికి ఒప్పుకుని ఉండడు.

"రాయమ్మా, రెండూ రాయి. పాత ఫోటో నాది, ఊరు వాళ్లది," అన్నాడు చివరికి.

రెండో పలకకీ పసుపు వేసి ఆరబెట్టి, ఎండ దిగేలోపు రెండూ పూర్తిచేశాను. 'ళ' తోక దిద్దుతుంటే పంచాయతీ సభ్యుడొకాయన కింద నుంచి, జర లావుగా రాయమని రెండుసార్లు చెప్పాడు. రాశాను.

తర్వాతి ఆదివారం రైలు మొదలైంది. మా ఆయన్నీ తీసుకెళ్లాను. వచ్చినవాళ్లు ఎవరికి నచ్చిన బోర్డు దగ్గర వాళ్లు ఫోటోలు దిగారు. కొందరు రెండు చోట్లా దిగారు. ఇంజను కూత పెట్టగానే అందరికంటే ముందు ముసలామె ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది. మూడు కిలోమీటర్లు వెళ్లి, మూడు కిలోమీటర్లు వచ్చాం. అందరం దిగాం, ఆమె దిగలేదు.

పట్టాల పక్కనే కాపురం చేసింది కానీ రైలెక్కి తిరిగింది తక్కువట. స్టేషన్ మాస్టర్ పెట్టె దగ్గరికి వెళ్లి, దిగమంటాడేమో అనుకున్నాను. ఆయన ఆమెకో మంచినీళ్ల సీసా అందించి, గార్డుని పచ్చజెండా ఊపమన్నాడు. సాయంత్రం దాకా ఆమె ఆరుసార్లు వెళ్లొచ్చింది.