ప్రహరీ లేని ఆడపిల్లల బడి

ఈ వారమంతా మా అత్తవారి పెరట్లో సున్నం ఉడుకుతోంది. వానలు రాకముందే వంటిల్లు బాగుచేయించాలని మావగారు పనివాళ్లని పెట్టారు. గుంటలో కాల్చిన సున్నపు గుల్ల పోసి నీళ్లు వదలగానే బుసబుసమని పొంగి, ఆవిరి లేచి, ఘాటైన వాసన ఇల్లంతా పట్టేస్తుంది. "ఆవిరి కళ్లల్లో పడతాది, లోపలికి రా కోడలా" అని అత్తగారు కేకేసినా నేను గుమ్మం దగ్గరే నిలబడిపోయాను. ఆ వాసన తగిలితే చాలు, నాకు ఇప్పుడున్న ఈ టెక్కలి కాదు, ఉద్దానంలో మా పుట్టింటి ఊరు, మా నాన్న, ఆయన దగ్గరుండి కట్టించిన బడి కళ్లముందుకొస్తాయి. నలుగురిలో చెప్పుకోవడం నాకు చేతకాదు. అందుకే అందరూ కునుకు తీసే వేళ చూసుకుని ఇలా రాసుకుంటాను.

మా ఊరు తోటల మధ్య ఉంటుంది. కొబ్బరి, జీడిమామిడి, పనస. ఎటు నడిచినా కాళ్లు ఇసుకలో దిగబడతాయి. సముద్రం కనపడదు గానీ గాలి తిరిగినప్పుడు దాని రొద వినపడుతుంది. మగపిల్లలకి ఒకరి వీధరుగు మీద బడి నడిచేది. ఆడపిల్లలకి అదీ లేదు. నాకు అక్షరాలు నేర్పింది మా మేనత్త. ఆవిడ నాన్నకి అక్క. చిన్నతనంలోనే భర్త పోతే పుట్టింటికి వచ్చేసి, తమ్ముడు పాఠాలు వల్లిస్తుంటే పక్కన కూచుని చదవడం నేర్చుకుంది. ఆవిడకి వచ్చినదంతా నేను పదేళ్లకే తాగేశాను. ఇంట్లో పంచాంగం అయిపోతే, సంత నుంచి బెల్లం కట్టి తెచ్చిన కాగితం కూడా విప్పి చదివేదాన్ని. సగంలో చిరిగిపోయిన ఆ కాగితాల్లో మిగతా కథ ఏమై ఉంటుందా అని పడుకున్నా నిద్ర పట్టేది కాదు. నా అవస్థ నాన్న కనిపెట్టారు. ఆయన అప్పుడు తాలూకా బోర్డులో మెంబరు. ఎక్కని గుమ్మం లేకుండా తిరిగి మా ఊరికి ఆడపిల్లల బడి మంజూరు చేయించారు. "హాజరు పట్టీలో మొదటి పేరు మా బుల్లిదే" అని అందరితో చెప్పేవారు. నేను తలుపు చాటున విని, ఎవరూ చూడకుండా నవ్వుకునేదాన్ని.

బడి నమూనాని బోర్డు ఓవర్సీరుగారు నీలం కాగితం మీద గీసి తెచ్చారు. ఆయనది గోదావరి వైపు. మాట చివర 'అండి' లేకుండా ఆయనకి దగ్గు కూడా రాదని మేనత్త వేళాకోళం. మగవాళ్లు భోజనాలకి లేచినప్పుడు నేను వెళ్లి ఆ కాగితం చూశాను. రెండు గదులు, ముందు వసారా, నుయ్యి, చుట్టూ ప్రహరీ, ప్రహరీకి ఒక చిన్న తలుపు. ఆ తలుపు దగ్గర వేలు పెట్టి, ఇక్కడి నుంచి లోపలికెళ్తాను అనుకున్నాను. నిజం చెప్పాలంటే ఆ బడిలోకి నేను వెళ్లింది ఆ ఒక్కసారే.

జిల్లా కచేరీ నుంచి ఎస్టిమేటు తిరిగొచ్చింది, ఖర్చు ఎక్కువ, తగ్గించండి అని. అక్కడే నాన్నకి హుషారు పుట్టింది. బోర్డు పనుల్లో కంట్రాక్టర్లు ఎలా మింగుతారో చూసి చూసి ఉన్నారాయన. ప్రజల డబ్బు ఒక్క కానీ కూడా వృథా కానివ్వకూడదని పట్టుదల. జాగా కోసం డబ్బు పెట్టక్కర్లేకుండా ఊరి చివర సంత జరిగే మైదానం పక్కన బంజరు ఇప్పించారు. తెచ్చిన ఇసుకని చిటికెడు నాలిక మీద వేసుకుని, ఉప్పగా ఉంటే బండి వెనక్కి తిప్పించేవారు. వీధరుగు మీద కూచుని, ఓవర్సీరుగారు ఒక్కొక్క పద్దూ చదువుతుంటే అన్నిటికీ ఒకటే ప్రశ్న వేసేవారు.

"వసారా."

"అది లేకపోతే బడి కూలిపోతాదా?"

"కూలదండి."

"అయితే కొట్టెయ్యి. నుయ్యి?"

"నుయ్యి లేకపోయినా కూలదండి."

"పిల్లలు ఇంటికాడే నీళ్లు తాగొస్తారు. కొట్టెయ్యి."

అలా రెండో గది పోయింది. తరవాత ప్రహరీ వంతు వచ్చింది. అదీ లేకపోతే బడి కూలదని ఓవర్సీరుగారు చెప్పీ చెప్పకముందే తలుపు వెనకనుంచి మేనత్త అందుకుంది. "ఒరే తమ్ముడూ, పంచె లేకపోయినా నువ్వూ కూలిపోవురా. ఇప్పేసి సంతకెల్లు, సూద్దాం!"

ఓవర్సీరుగారు నవ్వుని దగ్గులోకి తిప్పుకున్నారు. నాన్న ముఖం ఎర్రబడింది. "గోడ సదువు సెప్తాదేటప్పా?" అన్నారు అక్కతో.

"సెప్పదు. సదువు కాడికి పిల్లని ఎల్లనిత్తాది."

మేనత్త అన్నది మా వైపు తెలిసిన ఎవరికైనా కొత్త సంగతి కాదు. పదేళ్లు దాటిన పిల్లని మా ఇళ్లలో వీధిలోకి పంపరు. చుట్టాలింటికి వెళ్లాలన్నా ఒక పెరట్లోంచి ఇంకో పెరట్లోకి, దడి సందుల్లోంచి వెళ్లాల్సిందే. బడి చూస్తే సంత పక్కన, నాలుగూళ్ల మగవాళ్లు, బళ్లు, పశువుల మధ్య. నాన్నకి ఇది తెలీదని కాదు. పద్దుల ముందు కూచున్నప్పుడు మాత్రం ఆయనకి గోడ గోడగానే కనిపించింది. ఇంటింటికీ నాలుగు కొబ్బరి మట్టలడిగి దడి కట్టిద్దామంది మేనత్త. సర్కారు కట్టడం చుట్టూ ఎండాకు ఉండకూడదు, నిప్పు భయమని ఓవర్సీరుగారు నిబంధన చూపించారు. పోనీ నీ డబ్బుతో నువ్వే కట్టించరా అంది. "కూతురి కోసం బోర్డు బడికి గోడ పెట్టుకున్నాడంటారప్పా" అన్నారు నాన్న. "అననీ, నోళ్లు నొప్పెడితే ఆళ్లే మానేత్తారు" అంది ఆవిడ. నాన్న వినలేదు. మాట పడటం ఆయన వల్ల కాదు.

బడి లేచింది. పెంకు కప్పు, నున్నటి గోడలు, ఎక్కడా చిన్న పగులు లేదు. మిగిలిన డబ్బు జిల్లాకి తిరిగి వెళ్లింది. అంత తక్కువలో కట్టించినందుకు బోర్డులో నాన్నని మెచ్చుకున్నారట. మంచి రోజని చూసి బడి తెరిస్తే అది సరిగ్గా సంత రోజయింది. నాకు అప్పుడు పదకొండో ఏడు. మేనత్త నాకు తలంటి, జడ వేసి, కొత్త పరికిణీ కట్టింది. నాన్న కండువా వేసుకుని గుమ్మం దాకా వచ్చి వీధి వైపు చూశారు. అప్పటికే నాకు టెక్కలి సంబంధం అనుకున్నారు. ఆ వైపు వాళ్ల బళ్లు ప్రతి సంతకీ మా ఊరొస్తాయి, నన్ను వీధిలో చూస్తే ఆ కబురు అక్కడికి చేరుతుంది. మైదానంలో నుంచి పశువుల అరుపులు, బేరాల కేకలు వినిపిస్తున్నాయి. నాన్న వేసుకున్న కండువా తీసి మడిచి, నా వైపు చూడకుండా "రేపు సూద్దాంలే అమ్మా" అన్నారు. మెంబరుగారి పిల్ల వెళ్తే మేమూ పంపుదామని కాచుకున్న ఇళ్లలో ఎవరూ పిల్లని పంపలేదు. మర్నాడు కూడా రేపే అయింది. తోటల్లో పనికెళ్లే వాళ్ల పిల్లలు కొందరు పని లేని రోజుల్లో వచ్చి కూచునేవారు. జీడిపిక్కలు ఏరే రోజులు రాగానే వాళ్లూ మానేశారు.

ఖాళీ గదిలో బోర్డు వేసిన మాస్టరమ్మ ఒక్కతే కూచుంటోందని విని, మేనత్త ఒకరోజు ముసుగు సర్దుకుని బయల్దేరింది. "ముసిల్దానికి గోడెందుకురా!" అని నాన్నకి వినపడేలా అని మరీ వెళ్లింది. సాయంత్రం వచ్చి, విన్నదంతా పెరట్లో రుబ్బురోలు దగ్గర నాకు అప్పజెప్పేది. లెక్కలు తిన్నగానే తెచ్చేది. భూగోళం దగ్గర మాత్రం పేచీ. "భూమి గుండ్రంగా ఉంటాదంట. నాను నమ్మనేదు. నువ్వు మాత్రం నమ్ము, పరీచ్చలో అడుగుతారు" అనేది. ఆ పరీక్ష నాకెవరు పెడతారో ఒకరినొకరం అడగలేదు. తనిఖీకి వచ్చినాయన, పట్టీలో పేరు లేని ఈ ముసలావిడ ఎవరని అడిగితే, "పిల్లనే బాబూ, పళ్లూడిన పిల్లని" అందట. ఆయన నవ్వాడట గానీ, రాయవలసింది రాసుకునే వెళ్లాడు.

పిల్లలు లేని బడికి మాస్టరమ్మ జీతం దండగని బోర్డు తీర్మానించింది. ఆ సమావేశంలో నాన్న ఉన్నారు. ఆయన నేర్పిన లెక్కే అది. ఆ రోజు ఇంటికొచ్చి అన్నం ముందు కూచుని, కలిపి, తినకుండా లేచిపోయారు. మాస్టరమ్మని వేరే ఊరికి పంపేశారు. బడిలో రోడ్డు పనివాళ్ల గడ్డపారలు, తట్టలు పెట్టుకున్నారు. మేనత్త తెచ్చే పాఠం భాగహారం మధ్యలో ఆగిపోయింది. నా పెళ్లికి ముందు వచ్చిన వానాకాలంలో ఆవిడ జ్వరంతో పోయింది. మిగతా భాగహారం నేర్చుకుందామని ఇక్కడ మా ఆయన చిన్నప్పటి పుస్తకం తెరిచాను. ఒక్కదాన్నే కూచుంటే ఎందుకో ముందుకి సాగలేదు.

నిన్న పుట్టింటి నుంచి కొబ్బరికాయల బండి వచ్చింది. బండివాడు కాయలు దింపుతూ నాన్న చెప్పమన్న కబురు చెప్పాడు. బడికి ప్రహరీ కట్టాలని బోర్డులో ఇన్నాళ్లకి ఒప్పించారట, వచ్చే వేసవికి పని మొదలట. "బుల్లికి తప్పకుండా సెప్పమన్నారమ్మా" అని రెండుసార్లన్నాడు. సంతోషమని చెప్పి పంపాను. గోడ ఏ ఏడు కట్టినా గోడే. పదకొండో ఏడు మాత్రం ఎవరికైనా ఒక్కసారే వస్తుంది.