ఎల్లవ్వ పింఛనుకు నేను చేసిన మర్యాద

ఒక ముసలామె నోటికాడి కూడును ఒక్క పూటలో, అదీ నవ్వు ముఖంతో, ఎలా తీసేయవచ్చో నేర్చుకోవాలంటే మీరు నా దగ్గరికే రావాలి. ఆ విద్యలో నన్ను మించినవాడు వేములవాడ చుట్టుపక్కల అప్పుడూ లేడు, ఇప్పుడూ లేడు.

దిక్కులేని ముసలివాళ్లకు సర్కారు పింఛను కొత్తగా వచ్చిన రోజులవి. ఏడో తరగతి గట్టెక్కిన పుణ్యానికి మా సాలెవాడకు నేనే వకీలును. ఎవరికేం వస్తుందో, ఏం రాదో చెబుతుంటే నా గొంతు నాకే హైకోర్టులా వినిపించేది. పక్కింటి ఎల్లవ్వకు మొగుడు లేడు, పిల్లలు లేరు. చూపు మందగించి నూలు కండెలు చుట్టే పనీ పోయింది. ఒక్క పూట జొన్న గట్కతో రోజు వెళ్లదీసేది. దరఖాస్తు నేనే రాశాను. ‘దిక్కులేనిది’ అని మూడు చోట్ల రాసి, కింద గీతలు కూడా గీశాను.

విచారణకు తహసీలు నుంచి గిర్దావరు వస్తున్నాడని కబురొచ్చింది.

“అయ్యో కొడుకా, సారొస్తే కూసుండ పీట గూడ లేదు. ఇజ్జత్ పోతది!” అంది ఎల్లవ్వ.

“నేను లేనా పెద్దవ్వా? నువ్వు ఫికర్ చెయ్యకు,” అన్నాను. కొంప మునిగింది అక్కడే.

వాడకట్టంతా తిరిగి నవారు మంచం, ఇత్తడి బిందెలు, గోడగడియారం అడిగి ఎరువు తెచ్చాను. మా అవ్వ పెట్టెలోని జరీచీర ఎల్లవ్వకు కట్టించాను. కోడిని కోయించాను. ఆ గుడిసె ముందు దొరగారి గడి కూడా సిగ్గుపడాల్సిందే!

గిర్దావరు తృప్తిగా తిని, చుట్టూ చూశాడు.

“ఇవన్ని నీయేనా అవ్వా?”

ఇంటికొచ్చిన చుట్టం ముందు ‘ఎరువు తెచ్చినం’ అని ఎవరైనా అంటారా? “మీ దయ సారూ, అన్నీ ఉన్నయ్,” అంది ఎల్లవ్వ. నేను నానబెట్టిన శనగలా ఉబ్బాను.

“నిన్ను అర్సుకునేటోళ్లు ఎవరన్న ఉన్నరా?”

‘లేరు’ అంటే చాలు, పింఛను చేతికొచ్చినట్టే. కానీ గుమ్మం దగ్గర వాడంతా వింటోంది. ఎవరూ లేరంటే వాడ పరువేం కావాలి? నా నెత్తురు పొంగింది.

“గట్లెందుకంటరు సారూ? మేం సచ్చినమా? నేను కొడుకునే!”

గొప్పంతా నాకే పోతోందని వెనకనుంచి ఎదురింటి రాజయ్య అరిచాడు: “వాడొక్కడేనా? పెద్దకొడుకును నేనున్న!”

“మరి మేమేం గావాలె?” అంది గుంపు.

గిర్దావరు ఓపిగ్గా అందరి పేర్లూ రాసుకున్నాడు. “పదకొండు మంది కొడుకులా! అదృష్టవంతురాలివి అవ్వా,” అని కాగితం మడిచాడు. పేదవాడి కోపం పెదవికి చేటంటారు. పేదవాడి మర్యాద పింఛనుకు చేటు.

సాయంత్రానికి కొడుకులందరూ ఎవరి బిందెలు వాళ్లు పట్టుకుపోయారు. నెలకు జవాబొచ్చింది.

“ఏమన్నర్రా?”

“రాలే పెద్దవ్వా. కొడుకులున్నరని రాసిన్రు.”

  ఎల్లవ్వ లేచి లోపలికి వెళ్లి, తన కంచం తెచ్చుకుని మా గడపలో కూర్చుంది.

“కాయితంల మొదటి పేరు నీదేనట. పెట్టు బిడ్డా.”

పోయేదాకా పెట్టాం. ఉప్పు తక్కువైందని ఆమె రోజూ నన్నే తిట్టేది. ఆమె కంచంతో వచ్చిన నాడే మగ్గం మీద చెయ్యివేసి ప్రమాణం చేశాను: ఇకమీదట సర్కారు మనిషి అడిగితే, కన్నతల్లి పక్కనే కూర్చుని ఉన్నా సరే, ‘ఈమె ఎవలో నాకు తెల్వది’ అనే అంటానని!