అలీ సాహెబ్‌కు నచ్చని సాఫ్ట్‌వేర్లు

మాచర్ల బస్టాండు పక్కన డీటీపీ షాపు నడిపే అలీ సాహెబ్‌కు నచ్చే సాఫ్ట్‌వేర్ ఈ భూమ్మీద ఇంకా పుట్టలేదు. పుట్టినవన్నీ ఆయన చూశాడు, వంక పెట్టాడు, తీసేయించాడు. ఎక్కించడం, తీసేయడం మాత్రం అబిదా పని. ఆ షాపులో ఆరేళ్లుగా కంప్యూటర్ ముందు కూర్చుంటున్నది ఆమే.

ఇదంతా హజ్‌తో మొదలైంది. అంతకుముందు షాపులో ఎవరో కాపీ చేసి ఇచ్చిన సాఫ్ట్‌వేర్ ఉండేది. శిలువో, నెలవంకో, వినాయకుడో ఎంచుకుని గళ్లలో పేర్లు కొడితే పది నిమిషాల్లో పెళ్లికార్డు తయారు. హజ్ నుంచి వచ్చిన మర్నాడే అలీ సాహెబ్ దాన్ని పీకెయ్యమన్నాడు.

"దొంగసొత్తు బేటా. దాంతో సంపాదించింది తింటే ముద్ద దిగదు నాకు. అందరికీ ఊరికే ఇస్తారంటగా, ఆ లైనక్స్ ఎక్కించు. ఎవరిదీ కాజేసినట్టుండదు."

"మరి కార్డుల నమూనాలో, చాచా?"

"అట్టాంటిదే ఇంకోటి వెతుకు."

అబిదా వెతికింది. స్క్రైబస్ పెట్టింది. "బాగానే ఉందిగానీ, పేపరాఫీసులో కూచున్నట్టుంది" అన్నాడు. ఇంక్‌స్కేప్ పెట్టింది. "శిలువ కాస్త వాలినట్టు లేదూ?" అన్నాడు. స్కేలు పెట్టి కొలిచి చూపించింది. "స్కేలే వాలిందేమో" అన్నాడు. చివరికి లిబ్రాఫీసులో రెండు వారాలు తంటాలుపడి, పాతవాటిలాంటి నమూనాలు పన్నెండు తనే తయారుచేసింది. పేర్లకు ఎనిమిది గళ్లు, కింద వేదిక, చుట్టూ పూలు. అలీ సాహెబ్ కళ్లజోడు తుడుచుకుని చాలాసేపు చూశాడు.

"పువ్వులు దిగులుగా ఉన్నాయి."

"పువ్వులకు దిగులేంది చాచా?"

"పెళ్లికార్డు మీద ఉండాల్సిన మొహాలు కావవి."

ఈ వంకలు తమ మధ్యే ఉంటే అబిదా ఓర్చుకునేదే. కార్డులకు వచ్చినవాళ్లకూ ఆయన అదే పాట వినిపించేవాడు. "లైనక్స్ గదండీ, కొత్తది. మొరాయిస్తంది. రేపు రండి." ఆ నెలలో ఇద్దరు ఎదురు షాపుకు పోయారు. మూడో బేరం పోతే తానూ పోతానని అబిదా మొహమాటం లేకుండా చెప్పేసింది.

ఆ మూడో బేరమే రెంటచింతల నుంచి వచ్చిన జయపాల్. కూతురి పెళ్లి, మూడొందల కార్డులు, సాయంత్రం బస్సుకు కావాలి. ఆహ్వానించేవాళ్లు ఎనిమిది మంది. ఎనిమిదంటే ఎనిమిదే! అబిదాకు అతను తోడబుట్టినవాడిలా కనిపించాడు. పావుగంటలో కార్డు తెర మీద ఉంది.

అలీ సాహెబ్ వంగి చూశాడు. "ఇంకెవరన్నా మిగిలారా జయపాలూ?"

"ఎవరూ లేరు సాయిబూ."

"బాగా గుర్తుచేసుకో."

"లేరన్నాగా! కొట్టించు."

అలీ సాహెబ్ మౌస్ పట్టుకుని అటూ ఇటూ తిప్పి నిట్టూర్చాడు. "పేర్లు పట్టట్లేదు. లైనక్స్ గదా. రేపు పొద్దున రా."

"తెర మీద కనపడతంటే పట్టకపోడమేంది?"

"కనపడుద్ది. అచ్చులో పడదు."

"ఆ దరిద్రాన్ని తీసకపోయి కృష్ణలో పారెయ్ సాయిబూ!"

జయపాల్ కాయితం జేబులో కుక్కుకుని, ఎదురు షాపు వైపు ఓసారి ఎగాదిగా చూసి, బస్టాండులోకి విసవిసా నడిచాడు.

అబిదా ప్రింట్ నొక్కింది. కార్డు అద్దంలా వచ్చింది. దాన్ని ఆయన మొహం ముందు ఆడించింది.

"ఏ పేరు పట్టలేదు చాచా? చూపించు!"

అలీ సాహెబ్ బీరువాలోంచి పాత కార్డొకటి తీసి ఆమె ముందు పెట్టాడు. పాతికేళ్ల కిందటి జయపాల్ పెళ్లికార్డు. అచ్చేసింది ఆయనే. ఆహ్వానించువారు అన్నచోట ఒక్కటే పేరు. ఇన్నయ్య, వరుడి అన్న.

"తండ్రి లేకపోతే అన్నే చేశాడు పెళ్లి. ఇప్పుడు బోరు నీళ్ల కాడ గొడవై ఇద్దరికీ మాటల్లేవు."

"ఆ ముక్క ఆయనకే చెప్పొచ్చుగా?"

"చెబితే నా మీద కోపమొస్తది. మనిషి మళ్లా రాడు. లైనక్స్ మీద కోపమొస్తే దానికేం నొప్పి?"

అబిదా పాత బేరాలన్నీ ఒక్కొక్కటే గుర్తుచేసుకుంది. కోచింగ్ సెంటర్ కరపత్రాలకు లైనక్స్ ఏనాడూ మొరాయించలేదు. దర్గా ఉర్సు పోస్టర్లకూ మొరాయించలేదు. ఎవరినో ఒకరిని వదిలేసిన పెళ్లికార్డులకే మొరాయించింది. మర్నాడు తిరిగొచ్చినవాళ్ల చేతుల్లో పేర్లు ఒకటో రెండో పెరిగి ఉండేవి. గళ్లు చాలట్లేదని వాళ్లను విసుక్కున్నది తనే.

"అయితే నా పువ్వులు బాగానే ఉన్నాయన్నమాట."

"లేదు బేటా, పువ్వులు మాత్రం నిజంగానే దిగులుగా ఉన్నాయి."

మర్నాడు పదిగంటలకు జయపాల్ వచ్చాడు. వెనకాలే తెల్ల లుంగీలో ఓ పెద్దాయన, ఇన్నయ్య.

"కార్డులు ఏవయ్యా అని మా ఆవిడ అడిగింది. పేర్లు పట్టలేదంట అన్నాను" గొణిగాడు జయపాల్. "ఎవరి పేరు పట్టలేదు, మా బావదా అని ఇక వాయించిందయ్యా! అన్నం కూడా తిననియ్యలా."

కొత్త జాబితాలో పదహారు పేర్లున్నాయి. అన్న వచ్చాక అన్న కొడుకులు, కోడళ్లు, వియ్యంకులు ఊరికే ఉంటారా?

"చాచా, ఇప్పుడు నిజంగానే పట్టట్లేదు" అంది అబిదా.

"మడత కార్డు చెయ్యి" అన్నాడు అలీ సాహెబ్, వంకేమీ పెట్టకుండా.

"అమ్మా, పిల్ల తండ్రి వాడు. వాడి పేరు పైన పెట్టు" అన్నాడు ఇన్నయ్య.

"వద్దమ్మా, అన్నదే పైన."

"నోర్ముయ్యరా! పెళ్లి నీ కూతురిదా, నా కూతురిదా?"

"నా పెళ్లి ఎవరు చేశారంట మరి?"

ఇన్నయ్య పేరు పైకెళ్లింది, కిందికొచ్చింది, మళ్లీ పైకెళ్లింది. నాలుగోసారి అబిదా మౌస్ వదిలేసింది.

"ఇద్దరూ బయటికెళ్లి తేల్చుకుని రండి!"

వెళ్లారు. అరగంటైనా తేలలేదు. టీకొట్టు దగ్గర వాళ్ల అరుపులు షాపులోకి వినపడుతూనే ఉన్నాయి. మధ్యలో రెండో టీ చెప్పడం కూడా వినపడింది.