వాయిలేవు దిగుడులో బ్రేకు దిమ్మ

ఫిజీలో ఒప్పంద కూలి చేసిన ఆ గిర్మిట్ రోజుల్లో వాయిలేవు చెరకు బండి వెనక పెట్టెల్లో మాలాంటి కూలీలను ఊరికే ఎక్కించుకునేవారు. ఒకరోజు దిగుడు మొదలయ్యే చోట బండి ఆగింది. మా పెట్టె చక్రాన్ని నొక్కి ఆపే చెక్క దిమ్మ నిలువునా చీలిపోయింది. మా కూలీల మేస్త్రీ సర్దారు దానికి గోనెపట్టా చుడుతున్నాడు.

మిషన్ బడి బీరువాలోని ఆవిరి బండ్ల పుస్తకం మొత్తం చదివినవాణ్ణి నేను. "రాపిడికి గోనెకు నిప్పంటుకుంటుంది. కొత్త దిమ్మ వెయ్యండి," అన్నాను.

"పంతులుగారూ, మిల్లుకి ఆలస్యమైతే ఎస్టేటు తెల్లదొర కులంబరు నా తోలు తీస్తాడు. ఊరికేగా వస్తున్నారు, ఇష్టం లేకపోతే దిగండి."

నాకు ఒళ్ళు మండింది. రాపిడి గురించి మళ్ళీ మొదటినుంచీ గట్టిగా చెప్పసాగాను. నా పక్కన పసిపిల్లను ఎత్తుకుని కూర్చున్న ఒకామె దిగి, ఇంజను ముందుకు నడిచి, పట్టాల మధ్య కూర్చుంది.

"లేమ్మా, జుర్మానా వేస్తారు," అన్నాడు సర్దారు.

"వెయ్యమను. ఈ పిల్ల పోతే నీ కులంబరు కని ఇస్తాడా?"

నేనూ వెళ్ళి ఆమె పక్కన కూర్చున్నాను. పెట్టెలన్నీ ఖాళీ అయ్యాయి. సర్దారు తిట్టుకుంటూ ఇంజనులోంచి కొత్త దిమ్మ తెచ్చి బిగించాడు. క్షేమంగా కిందికి చేరాం. ఆమె తను ఉండే కూలీల లైను ఇళ్ళ దగ్గర దిగిపోయింది. పేరు అడగలేదు.

వారం తిరక్కుండానే ఎస్టేటు ఆర్డరు వచ్చింది. బ్రేకుల ఊసే లేదు. ఇకపై కూలీలెవరూ బండి ఎక్కకూడదట. ఆ ఎండలో అంత దూరమూ నడుస్తూ ఎస్టేటును నోరారా తిట్టుకునేవాళ్ళం. ఆమెను మాత్రం ఎవరూ ఒక్క మాట అనలేదు.