దక్షిణం: గోడ

ఆ పదో తరగతిలో నలభై ఒక్కమంది ఉంటే నలభై మందికి మారుపేర్లున్నాయి. లేనివాడు జగన్నాథరావు ఒక్కడే. ముద్దుపేర్లనుకునేరు, అంత ముద్దుగా పెట్టినవి కావవి. పొడుగ్గా, తెల్లగా, ఎటు తోస్తే అటు వంగేవాడని సురేష్‌బాబుని అరటిదవ్వ అన్నారు. రోజూ రెండో గంట కొట్టాకే గేట్లోకి అడుగుపెట్టే బేబి రెండోగంట అయింది. గణేష్‌బాబు మాట పక్క ఊరికి వినిపించేది కాబట్టి వాడు మైకు. ఆ పేర్లకి ఏడ్చినవాళ్లున్నారు, బడి ఎగ్గొట్టి కాలవ గట్టున కూర్చున్నవాళ్లున్నారు. జగన్నాథరావుకి ఏడవడానికి కూడా ఎవరూ ఏమీ ఇవ్వలేదు. వెక్కిరించడానికైనా పనికిరాని మనిషని క్లాసంతా కలిసి తేల్చేసింది.

ముప్పై ఏళ్లు గడిచాయి. ఇప్పుడతను రామచంద్రపురంలో దస్తావేజు లేఖరి. ఎవరి చేనుకి తూర్పున ఎవరున్నారో, ఎవరి కొబ్బరితోటకి పడమట ఏ బోదె పారుతోందో రాసి బతుకుతున్నాడు. చుట్టుపక్కల ఊళ్లలో సగం పొలాల హద్దులు అతనికి నోటికి వచ్చు. అతని పేరు మాత్రం ప్రతి దస్తావేజులోనూ అట్టడుగున, సాక్షులిద్దరి సంతకాల కింద, ‘వ్రాసినది’ అన్నచోట ఉంటుంది. అక్కడిదాకా చదివేవాడు ఇంతవరకు పుట్టలేదు. చేతిరాత మాత్రం అచ్చులో పోసినట్టుంటుంది. ఈమధ్య అన్నీ కంప్యూటర్లో కొట్టి ప్రింటు తీస్తుండటంతో ఆ రాతకి పని లేకుండా పోయింది.

కిందటి ఏప్రిల్లో గణేష్‌బాబు దొరికినవాళ్లందర్నీ వెతికి పట్టుకుని వాట్సాప్‌లో గ్రూపు పెట్టాడు. ఇప్పుడు వాడికి చేపల చెరువులు, మేత వ్యాపారం, ఎవరు పిలిచినా వెళ్లి మాట్లాడే గొంతూ ఉన్నాయి. రెండు వారాలపాటు గ్రూపులో దేవుడి బొమ్మలూ శుభోదయాలే నడిచాయి. మూడో ఆదివారం జగన్నాథరావు ఒక తెల్లకాయితం మీద సురేష్‌బాబు గురించి రాసి, ఫోటో తీసి పెట్టాడు.

‘అరటిదవ్వ సురేష్‌బాబు అనబడు ఆసామికి చతుస్సరిహద్దులు. తూర్పు: ఇది వ్రాసిన నేను. పడమర: గణేష్‌బాబు మోచెయ్యి. ఉత్తరం: ఆడపిల్లల జడలు, వాటికి అవతల లెక్కల మాస్టారి బెత్తం. దక్షిణం: చిరిగిన సంచీలు. పై హద్దుల మధ్య గల ఆసామి మూడేళ్లలో ఒక్క లెక్క అయినా చేసినట్టు దాఖలా లేదు.’

గ్రూపంతా నవ్వుతో ఊగిపోయింది. సురేష్‌బాబే అందరికంటే ముందు నవ్వే బొమ్మలు పెట్టాడు. ఆ బెత్తం దెబ్బలకి వేళ్లు వాచి అతను వారంపాటు అన్నం కలుపుకోలేకపోయిన సంగతి కాయితంలో లేదు. అలాంటివి రాస్తే నవ్వు రాదు. అందరూ ఇంకా రాయమన్నారు. జగన్నాథరావు ప్రతి ఆదివారం ఒకరి గురించి రాయడం మొదలుపెట్టాడు.

రత్నమాణిక్యం గురించి రాసింది మరీ పేలింది. ఆమె సంచీలో దబ్బకాయ ఊరగాయ సీసా ఉండేది, దాని మూత ఎప్పుడూ సరిగ్గా పట్టేది కాదు. ఆమె నోట్సు చూసి ఎవరు రాసినా వాళ్ల పుస్తకానికి కూడా ఆ వాసన అంటుకునేది. సోషలు మాస్టారు పుస్తకం తెరవకుండా ముక్కు దగ్గర పెట్టుకుని, ఎవరు ఎవరిది కాపీ కొట్టారో చెప్పేసేవారు. రత్నమాణిక్యం ఇప్పుడు పెనుగొండలో టీచరు. కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వానని రాసింది. ఏడాదంతా ఆమె పక్కన కూర్చుని ఎవరూ అన్నం తినలేదన్నది ఆమె రాయలేదు, ఎవరూ గుర్తు చెయ్యలేదు.

ఇంత జ్ఞాపకశక్తి ఎక్కడిదిరా నీకు అని అందరూ మెచ్చుకున్నారు. జగన్నాథరావుకి కావలసింది ఆ మెచ్చుకోలు కాదు. తనకి వీళ్లంతా ఇంతలా గుర్తున్నారే, వీళ్లలో ఒక్కరికైనా తను గుర్తున్నాడా అన్నదే అతని బాధ. అందుకే వీలున్నచోటల్లా హద్దుల్లో ‘ఇది వ్రాసిన నేను’ అని ఇరికించేవాడు. అవును, నువ్వక్కడే కూర్చునేవాడివి, ఫలానా రోజున ఇలా చేశావు అని ఎవరైనా అంటారని ఫోను చేతిలో పట్టుకుని చూసేవాడు. ఎవరూ అనలేదు. ఒకరోజు అతని భార్య సూర్యకళ కాఫీ ఇస్తూ, మీరందరి గురించీ రాస్తున్నారు, మీ గురించి ఎవరూ రాయరేంటండీ అని అడిగింది. నాది చివర్లో ఉంటుందిలే అన్నాడు. ఆ పూట కాఫీ చల్లారిపోయింది.

ముప్పై ఒకటో ఆదివారం బుల్లెమ్మ వంతు వచ్చింది. బుల్లెమ్మ క్లాసులో ఫస్టు. హాఫియర్లీ పరీక్షల తర్వాత బడి మానేసింది, మాఘమాసంలో పెళ్లయిపోయింది. ఆమె ఎక్కడుందో ఎవరికీ తెలియదు. బేబి గులాబీ మొక్కలు కొనడానికి కడియం వెళ్లినప్పుడు ఒక నర్సరీలో అంటు కడుతూ కనిపిస్తే, నంబరు తీసుకుని గ్రూపులో చేర్చింది. జగన్నాథరావు కాయితం తీసుకున్నాడు. తూర్పు: కిటికీ. పడమర: బేబి రావలసిన ఖాళీ జాగా. ఉత్తరం: రత్నమాణిక్యం ఊరగాయ సంచీ. దక్షిణం అని రాసి రెండు చుక్కలు పెట్టాక పెన్ను ఆగిపోయింది. తర్వాత ‘గోడ’ అని రాశాడు.

ఆ కింద మిగతాది చకచకా నడిచింది. ‘ఆసామికి నేర్పడానికి బడిలో ఏమీ మిగలనందున హాఫియర్లీతో చదువు చాలించడమైనది. ఆమె చదువు ఆగిననూ ఆమె పెళ్లిలో మాకు పనసపొట్టు కూర దొరికినందున క్లాసుకి నష్టమేమీ వాటిల్లలేదు.’ నలభై మందిలో ముప్పై ఎనిమిది మంది నవ్వారు. గణేష్‌బాబు ఆ కూర రుచి మీద విడిగా వాయిస్ మెసేజి పెట్టాడు. బుల్లెమ్మ కూడా చూసినట్టు రెండు నీలం గీతలు పడ్డాయి.

ఫిబ్రవరి రెండో ఆదివారం పాత హైస్కూల్లోనే కలుసుకున్నారు. షామియానా వేశారు, మాస్టార్లకి శాలువాలు కప్పారు, క్యాటరింగు వాళ్లు వెనక వరండాలో పొయ్యిలు వెలిగించారు. గణేష్‌బాబు మైకు పట్టుకుని, జగన్నాథరావు రాసిన నలభై కాయితాలూ పుస్తకంగా అచ్చు వేయిస్తున్నామనీ, నలభై ఒకటో పేజీ రచయితకే కేటాయించామనీ, ఈవేళ అందరూ అతని గురించి చెప్పేదే అందులో వేస్తామనీ ప్రకటించాడు. జగన్నాథరావు కొత్త చొక్కా వేసుకుని ముందు వరసలో కూర్చున్నాడు.

మైకు ముందుగా సురేష్‌బాబు చేతికి వెళ్లింది. మూడేళ్లు ఒకే బెంచీ మీద కూర్చున్నవాడు, ఏదో ఒకటి చెప్పకపోడు. సురేష్‌బాబు కాసేపు ఆలోచించి, జగన్నాథరావు చాలా మంచివాడండి అన్నాడు. ఇంకేమైనా చెప్పమంటే, చాలా చాలా మంచివాడండి అన్నాడు. బేబి కూడా మంచివారనే చెప్పింది. రత్నమాణిక్యం మైకు అందుకుని అతని మొహంలోకి పరీక్షగా చూసి, “మీరు బి సెక్షనా అండీ?” అని అడిగింది. షామియానా కింద నవ్వు గుప్పుమంది. జగన్నాథరావు కూడా నవ్వాడు. నవ్వకపోయినా అది కూడా ఎవరికీ గుర్తుండదు కదా.

ఇంకెవరైనా చెప్తారా అని గణేష్‌బాబు అడుగుతుంటే చివరి వరసలోంచి ఒకావిడ లేచింది. నేత చీర, గోళ్ల సందుల్లో ఎంత కడిగినా పోని మట్టి. బుల్లెమ్మ. నేను చెప్తానండి అంటూ నడిచి వచ్చింది. ఆమె ఏం చెప్పబోతోందో జగన్నాథరావుకి తెలుసు.

“నా గురించి రాసినదాంట్లో ఒక హద్దు తప్పుందండి,” అంది బుల్లెమ్మ. గొంతులో కోపం లేదు. “నా వెనక గోడ అని రాశారు. ఆడపిల్లల బెంచీలు మూడే కదండీ, నాది మూడోది. మూడో బెంచీ వెనక గోడెందుకుంటుంది, నాలుగోదుంటుంది. అందులో కిటికీ పక్కన జగన్నాథరావుగారు కూర్చునేవారు.”

అంతా చెవులప్పగించారు. ఎట్టకేలకి ఒక మనిషికి అతను గుర్తున్నాడు.

“నా సోషలు నోట్సు అడిగి పట్టికెళ్లారండి. తిరిగిచ్చేటప్పుడు ఆఖరి పేజీలో రెండు లైన్లు రాసుంది. నేను చూసేలోపే మా నాన్న చూశాడు. పుస్తకం పట్టుకుని హెడ్‌మాస్టారుగారి దగ్గరికి వచ్చేశాడు. ఎవరు రాశారో లేచి నిలబడమన్నారాయన. నేను నలుగురైదుగురికి ఇచ్చాను నోట్సు, ఎవరిదని చెప్పనండీ? ఎవరూ లేవలేదు. అందరి పుస్తకాలూ తెప్పించి చూశారు, ఆ చేతిరాత క్లాసులో ఎవరిదీ కాదన్నారు. అయితే నేనే రాసుకుని ఉంటానన్నారండి. ఆ హాఫియర్లీతోనే మా నాన్న బడి మాన్పించేశాడండి.”

వరండాలో ఎవరో గరిటె కింద పడేసిన చప్పుడయింది.

“ఆ రాత ఎవరిదో నాకూ తెలీలేదండి. గ్రూపులో ఈయన కాయితాలు చూశాక తెలిసింది.”

నిజమే. ఆ రాత అప్పటికి ఎవరిదీ కాదు. మామూలుగా కోడిగెలుకుడు గీతలు గీసే జగన్నాథరావు, ఆ రెండు లైన్ల కోసం నెల రోజులు ఇంట్లో చాటుగా సాధన చేసి ఆ గుండ్రటి అక్షరాలు తయారు చేసుకున్నాడు. హెడ్‌మాస్టారు లేవమన్నప్పుడు ముందున్న రెండు జడలు కదలకుండా ఉండిపోవడం చూస్తూ కూర్చున్నాడు. గంట కొట్టేదాకా కూర్చున్నాడు. తర్వాత చదువు అబ్బకపోయినా ఆ రాత మిగిలింది, దాంతోనే ఇన్నేళ్లూ అన్నం తిన్నాడు. లేచి నిలబడాలంటే ఇప్పుడు కూడా లేవొచ్చు. కుర్చీ ముందు వరసలోనే ఉంది, మనుషులంతా చూస్తున్నారు. అతను లేవలేదు.

ముందు నవ్వింది ఎవరో తెలియదు. “ఒరేయ్, నువ్వు లవ్ లెటర్ రాశావా?” అని సురేష్‌బాబు ఈల వేశాడు. అంతే, ముప్పై ఏళ్లు వెనక్కి వెళ్లిపోయింది క్లాసు. గణేష్‌బాబు బుల్లెమ్మ చేతిలోంచి మైకు తీసుకుని, రాసింది రాసి గోడ చాటున దాక్కున్నాడనీ, దాక్కోవడమేంటి, తనే గోడైపోయాడనీ, ఈ క్షణం నుంచి మన జగన్నాథరావు పేరు గోడ అనీ ప్రకటించాడు. చప్పట్లు మోగాయి. రిటైరైన సోషలు మాస్టారు కూడా శాలువా సర్దుకుంటూ నవ్వారు. గోడ, గోడ అంటూ నలుగురు వచ్చి భుజం తట్టారు, ఒకడు కౌగిలించుకున్నాడు.

జగన్నాథరావు సిగ్గుతో చచ్చిపోయి ఉండాల్సింది. ఉండాల్సిందే. కానీ అందరూ తన పేరు పిలుస్తుంటే అతని మొహం మీదికి ఒక నవ్వు వచ్చి కూర్చుంది, ఎంత దిద్దుకున్నా పోలేదు. ఆ నవ్వుని బుల్లెమ్మ చూసింది. పనసపొట్టు కూర ప్రత్యేకంగా చేయించాం, తినకుండా వెళ్తావేంటి అని బేబి చెయ్యి పట్టుకుంటే, బస్సు టైమయిందండి అని విడిపించుకుని గేటు దాటి వెళ్లిపోయింది. సాయంత్రానికి ఆమె గ్రూపులో లేదు.

వారం తర్వాత పుస్తకం ప్రూఫులు వచ్చాయి. నలభై ఒకటో పేజీలో జగన్నాథరావు ఫోటో, దాని కింద పెద్ద అక్షరాల్లో ‘గోడ’. అతను ఆ పేజీ చాలాసేపు చూశాడు. తర్వాత ముప్పై ఒకటో పేజీ తీసి, పెన్సిలుతో ‘గోడ’ కొట్టేసి, పైన ‘జగన్నాథరావు’ అని రాశాడు. వృత్తిలో అతను ఎన్నో సవరణ పత్రాలు రాశాడు, హద్దు తప్పుపడితే ఎలా సరిచెయ్యాలో అతనికి ఒకరు చెప్పక్కర్లేదు. రాశాక గణేష్‌బాబుకి ఫోను చేసి ఆ దిద్దుబాటు సంగతి చెప్పాడు.

“ఒరే, అది తీసేస్తే నీ పేజీలో జోకేం మిగుల్తాదిరా?” అన్నాడు గణేష్‌బాబు. “అక్కడ గోడ ఉంటేనే నువ్వు గోడవి. లేదంటే నీ పేజీ కూడా తీసేద్దాం. నీ ఇష్టం.”

జగన్నాథరావు ఫోను పెట్టేసి ప్రూఫుల ముందు కూర్చున్నాడు. వంటింట్లోంచి సూర్యకళ, మీ పేజీ వచ్చిందటగా, ఏం రాశారండీ మీ గురించి అని అడిగింది. సొరుగులోంచి రబ్బరు తీశాడు. ముప్పై ఒకటో పేజీలో పెన్సిలు గీతనీ, పైన రాసిన తన పేరునీ జాగ్రత్తగా, కాయితం చిరక్కుండా చెరిపి, పొట్టు ఊదేశాడు. కింద ‘సరిచూడడమైనది’ అని గుండ్రటి అక్షరాలతో రాసి సంతకం పెట్టాడు.

నెల్లాళ్ల తర్వాత రామచంద్రపురం బజార్లో సురేష్‌బాబు రోడ్డు అవతలనుంచి, ఒరే గోడా అని కేకేశాడు. జగన్నాథరావు మొదటి పిలుపుకే వెనక్కి తిరిగి, ఆయ్ అన్నాడు.