జవాబులు అమ్మే ఊరు

మా చర్చిలో ఒక అలవాటు ఉండేది. తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. జబ్బు చేసినవాళ్ల కోసం ప్రార్థన చేశాక, నయం కాకముందే నయమైపోయిందని సాక్ష్యం చెప్పించేవారు. అలా చెబితేనే విశ్వాసం ఉన్నట్టట. మనిషి మంచం మీద మూలుగుతూ ఉండగానే ఇంటివాళ్లు మైకు ముందు నిలబడి "దేవుడు స్వస్థపరిచాడండీ, అందరికీ వందనాలండీ" అనాలి. మేం చప్పట్లు కొట్టాలి.

తొంభైల చివర్లో, బెజవాడ కాలవగట్టు మీద ఉండే ఒక ఆటో డ్రైవరు కొడుక్కి మెదడువాపు జ్వరం వచ్చింది. పిల్లాడు పెద్దాసుపత్రిలో స్పృహ లేకుండా పడి ఉంటే, ఆదివారం ఆరాధనలో వాళ్లమ్మ చేత సాక్ష్యం చెప్పించారు. ముందు చాప మీద కూర్చున్న వాడి అక్క, నాలుగో తరగతి పిల్ల, అందరికీ వినపడేలా అంది.

"అదేంటమ్మా, తమ్ముడింకా కళ్లు తెరవలేదుగా?"

ఆ వారంలోనే పిల్లాడు పోయాడు. సమాధి మీద మట్టి ఆరకముందే సంఘ పెద్దలు కారణం కనిపెట్టేశారు. ఇంట్లో ఎవరో సందేహించారట. ఎవరో చెప్పక్కర్లేదు, అందరూ విన్నారు. తొందరపడి సాక్ష్యం చెప్పించినవాళ్లది తప్పు కాదు. ఉన్నమాట అన్న పసిపిల్లది తప్పు! ఎంత సిగ్గులేని మనుషులు!

ఆ ఎండాకాలం సెలవుల్లో ఎప్పటిలాగే చర్చిలో వీబీఎస్, అంటే పిల్లల బైబిలు బడి, పెట్టారు. పిల్లలకు పాటలు, బొమ్మలు, బైబిలు కథలు. నేను డిగ్రీ చదువుతున్నాను, కథల పీరియడు నాకిచ్చారు. ఆ పిల్ల వెనక గోడకు ఆనుకుని కూర్చునేది. మిగతావాళ్లు పాటకు తగ్గట్టు గెంతుతుంటే తను చేతులు కూడా కదిపేది కాదు. నాకు ఇచ్చిన కథలు పక్కన పెట్టి, ఆ పిల్ల కోసం ఒకటి కల్పించాను.

బ్యారేజీ గేట్ల కింద ఇంకో కృష్ణ ఉంది, అది వెనక్కి పారుతుంది. తమ్ముడు పోయిన ఒక పాప ఆ నీళ్లలోకి దిగి, అక్కడి రాజును వెతుక్కుంటూ పోతుంది. తమ్ముడికి జబ్బు చేసినప్పుడు పిలిచినా ఎందుకు రాలేదని ఆయన్ను అడగాలి. దారిలో జవాబులు అమ్మే ఊరొకటి తగులుతుంది. వన్ టౌన్ కొట్లలో మిరపకాయల్లా అక్కడ జవాబులు బస్తాల్లో ఉంటాయి. కొట్లవాళ్లు పిలిచి మరీ చేతిలో పెడతారు. ఏ ఒక్కటీ పాప ప్రశ్నకు సరిపోదు. చివరికి ఒక రేవులో తలకు తువ్వాలు చుట్టుకున్న పడవవాడు కనిపిస్తాడు. ఆయనే రాజు.

రోజుకో ముక్క చెప్పేదాన్ని. జవాబుల ఊరు చెప్పిన రోజు ఆ పిల్ల నా దగ్గరికొచ్చింది.

"అక్కా, ఆ పాప రాజుగార్ని నిజంగానే అడుగుద్దా?"

"అడుగుద్ది."

మర్నాడు ముందు చాప మీదకొచ్చి కూర్చుంది.

ముగింపు రోజున తల్లిదండ్రుల ముందు చివరి ముక్కను పిల్లల చేత ఆడించాలనుకున్నాం. పాప వేషం తనే వేస్తానంది. ముందురోజు పాస్టరు అయ్యగారు నన్ను పిలిచి చివర్లో ఏమవుతుందని అడిగారు. చెప్పాను. ఆయన ముఖం మాడిపోయింది.

"పిల్లల మనసుల్లో అనుమానాలు నాటతావేంటమ్మా? ఆ పాప మోకరించి, ప్రశ్నించినందుకు క్షమాపణ అడగాలి. రాజు క్షమించాలి. అంతే."

"స్నేహితుడి సమాధి దగ్గర ప్రభువే ఏడ్చాడు కదండీ, బైబిల్లోనే ఉంది కదా?"

"నువ్వు నాకు బైబిలు చెబుతావా?"

నేను చెయ్యనన్నాను. దానికేం, నాటకం ఇంకో టీచరుకి అప్పగించారు. ఆ పిల్లకు మోకరించడం ఆవిడే నేర్పింది.

ముగింపు రోజున నీలం చీర పరిచి నది చేశారు. అట్టముక్కల పడవలో రాజు. పిల్ల స్టేజీ మధ్యకొచ్చి మోకరించింది. "రాజా, నిన్ను అడిగినందుకు క్షమించు" అనాలి. చేతులు జోడించి, కళ్లు గట్టిగా మూసుకుని, మైకులో స్పష్టంగా అంది.

"తమ్ముడూ, నన్ను క్షమించరా."

ఎవరో "ఆమేన్" అన్నారు. ఇక వరసగా ఆమేన్లు, చప్పట్లు. అయ్యగారు కళ్లు తుడుచుకుని, ఈ పాపలో దేవుడు గొప్ప కార్యం చేశాడన్నారు. ఆ మైకు లాగి కాలవలో పారేయాలనిపించింది నాకు.

పులిహోర పొట్లాలు పంచుతుంటే ఆ పిల్ల నా దగ్గరికొచ్చింది.

"కరెక్టుగానే చెప్పానా అక్కా?"

చెయ్యి పట్టుకుని చర్చి వెనక బోరింగు దగ్గరికి తీసుకెళ్లాను. అసలు ముగింపు చెప్పాను. పాప అడుగుతుంది. రాజు తెడ్డు పక్కన పెట్టేసి, పడవలో పాప పక్కన కూర్చుని ఏడుస్తాడు. జవాబు చెప్పడు. అడిగినందుకు మాత్రం కోప్పడడు.

"అస్సలు కోప్పడడా?"

"అస్సలు."

పులిహోర పొట్లం విప్పకుండానే నా చున్నీ పట్టుకుని లాగింది.

"అయితే రా అక్కా, మా అమ్మకి చెబుదూగాని. రోజూ ప్రార్థనలో ఆయనకి నా గురించి సారీ చెబుతుంది. ఇంక మానెయ్యమను."