ఎంగిలి ముడి

తాగే నీళ్లకే కటకటలాడే జిల్లాలో పుట్టి చేపల పిచ్చి పట్టించుకున్నవాణ్ణి నేను. బత్తలపల్లె దగ్గర ఒక హైస్కూల్లో భౌతికశాస్త్రం చెబుతాను. "ఏమప్పా, ట్యాంకరు వచ్చే ఊర్లో గాలమెందుకు నీకు?" అని స్టాఫ్ రూములో అందరికీ నేను లోకువే. కాలువ నీళ్లొచ్చి రిజర్వాయర్ నిండిన ఏడు మాత్రం నన్ను ఆపేవాళ్లు లేకపోయారు. ఫోన్లో వీడియోలు చూసి రాడ్డు, రీలు, నాలుగు క్రాంక్‌బైట్లు తెప్పించుకున్నాను.

క్రాంక్‌బైట్ అంటే అరచేతిలో ఇమిడే ప్లాస్టిక్ చేప బొమ్మ. కడుపు కింద గాలాలుంటాయి. మూతి దగ్గర చిన్న రేకు ఉంటుంది. దారానికి కట్టి, పుట్టి అనే గుండ్రటి పడవ వెనక లాగుతూ పోతే ఆ రేకు బొమ్మను కిందికి దించి, బతికున్న చేపలాగా ఒళ్లు ఊపిస్తుంది. అట్లా లాగుతూ పట్టడాన్ని ట్రోలింగ్ అంటారు.

నా తంటా అంతా లీడర్‌తోనే. రీలు మీద ఉండేది అల్లిన దారం. గట్టిదే గానీ చేపకు కనిపిస్తుంది, రాయికి రాసుకుంటే పోగులు లేస్తాయి. అందుకని దాని కొసకు బారెడు ఫ్లోరోకార్బన్ అనే ప్లాస్టిక్ తీగ జత చేస్తారు, అదే లీడర్. నీళ్లలో అది ఉన్నట్టే తెలియదు, రాపిడికీ ఓర్చుకుంటుంది. మా రిజర్వాయర్ అడుగున మునిగిపోయిన చీనీ తోటల, అంటే బత్తాయి చెట్ల మొద్దులు ఇంకా అట్లే ఉన్నాయి. లావు తీగ కడితే మొద్దుల నుంచి బయటపడొచ్చు, బొమ్మ మాత్రం సరిగ్గా ఆడదు. సన్నది కడితే బొమ్మ చక్కగా ఆడుతుంది, తీగ నిలవదు. మూడు రకాలు కొని వారమంతా వాటిని ముందేసుకుని కూర్చున్నాను. "పెండ్లి చీరకు కూడా ఇంతసేపు చూడలేదు నువ్వు" అంది నా భార్య.

పుట్టి ఒక పెద్దాయనది. అరవై దాటిన మనిషి, ఆ నీళ్లలో వలలు వేసుకుని బతికే కుటుంబం. ఫ్లోరోకార్బన్ ఆయన అంతకు ముందు చూసి ఎరగడు. మూడు తీగలూ వేళ్ల మధ్య పెట్టి నలిపి, గోటితో గీకి, నడిమిది తీసి నా ముందు పెట్టాడు.

"ఇది సాలు సారూ. లావుది బొమ్మను ఆడనీదు. సన్నది ఈ చీనీ మొద్దులకు తాళదు."

తర్వాత బొమ్మ ముక్కుకు కట్టాడు. బిగుతుగా కాదు, బొమ్మ అటూ ఇటూ ఊగేటట్టు చిన్న ఉచ్చు వదిలి కట్టాడు. బిగించే ముందు ముడిని నోట్లో పెట్టుకుని, ఎంగిలితో బాగా తడిపి, అప్పుడు లాగాడు. "ఎండు ముడి లాగితే కాలిపోతాది సారూ. తడిపి లాగల్ల" అన్నాడు.

ఘర్షణ పాఠం చెప్పేవాణ్ణి, నాకు తెలియదా? పొడిగా బిగిస్తే రాపిడికి వేడి పుట్టి తీగ బలం పోతుంది. వీడియోల్లో కూడా అందరూ ముడిని నోట్లోనే పెట్టుకుంటారు. వాళ్లను చూసినప్పుడు నాకేమీ అనిపించలేదు. ఈయన తడి మెరుస్తున్న ఆ ముడిని నా చేతికిచ్చినప్పుడు మాత్రం ఒళ్లు జలదరించింది.

మాది భూములున్న ఇల్లు. పనికి వచ్చినవాళ్లకు మా అవ్వ నీళ్లు పైనుంచి దోసిట్లోకి పోసేది. అవి పాతకాలం సంగతులు, నాకేమీ అంటలేదని అనుకునేవాణ్ణి. మనుషులంతా ఒకటేనని క్లాసులో గొంతు పెంచి మరీ చెబుతాను. అట్లాంటివాణ్ణి, ఆయన తెడ్డు తేవడానికి అటు పోగానే ఆ ముడిని కత్తెరతో కోసేసి నేనే మళ్లీ కట్టాను. తడపలేదు. ముడి పోయినా ఆ కొస ఆయన నోట్లో ఉన్నదే కదా అనిపించి నా నోట్లో పెట్టుకోలేకపోయాను. ఎదురుగా రిజర్వాయర్ నిండా నీళ్లున్నాయి, అందులో ముంచినా సరిపోయేది. ఆయన చూస్తాడేమోనన్న హడావుడిలో అదీ తోచలేదు.

పుట్టి కదిలిన అరగంటకు రాడ్డు విల్లులా వంగింది. రీలు నుంచి దారం సర్రున పోతోంది. ఆయన తెడ్డుతో పుట్టిని తిప్పుతూ, "వాలుగ సారూ! పెద్దది! నిదానం, మొద్దుల్లోకి పోనియ్యొద్దు" అని కేకలు పెట్టాడు. చేప ఒక్కసారి పైకి లేచింది. దాని వీపు చూశాను. మరుక్షణం రాడ్డు తేలికైపోయింది.

దారం చుట్టి చూస్తే లీడర్ కొస పందిపిల్ల తోకలాగా మెలికలు తిరిగి ఉంది. మొద్దుకు రాసుకుని తెగితే కొస గరుకుగా ఉంటుంది. ఇట్లా మెలిక తిరిగిందంటే ముడి జారినట్టు. అది నాకు తెలుసు. ఆయన కూడా కొస పట్టుకుని ఎండకేసి చూశాడు.

"ముడి జారినాది" అన్నాడు. కొసను వేళ్ల మధ్య తిప్పి చూసి, "నేను కట్టిన ముడి జారినాది సారూ" అన్నాడు.

నేను కాదనలేదు. అంతటితో ఆగినా బాగుండేది. ఒడ్డుకు రాగానే, నాతో వచ్చి గట్టు మీదే ఉండిపోయిన తోటి టీచరు ఏమైందని అడిగాడు. "ముడి జారిపోయినాది. పెద్దాయనకు వయసయింది కదప్పా, ఏం చేస్తాం" అన్నాను, ఎంతో జాలి పడుతున్నట్టు. పక్కనే వలలు ఆరేసుకుంటున్న ఆయన మనుషులు ఆ మాట విన్నారు. ఆయనా విన్నాడు. తల ఎత్తకుండా పుట్టిని గట్టు మీదికి ఈడ్చుకున్నాడు.

ఆ తర్వాత నెల రోజులు అటు పోలేదు. పరీక్షలని నాకు నేనే సాకు చెప్పుకున్నాను. మళ్లీ నేను పోయిన రోజు పుట్టి దగ్గర ఆయన అల్లుడున్నాడు.

"మామ నీళ్లలోకి రావడం మానుకున్యాడు సార్" అన్నాడు. "వల ముడులు గూడా అత్తతోనే ఏపిస్తాండాడు. చేతిలో పట్టు పోయినాదంట. ఎంత చెప్పినా ఇనడు."

నాకు తల కొట్టేసినట్టయింది. జీవితమంతా ముడుల మీద బతికిన మనిషి నా ఒక్క మాటకు తన చేతులను నమ్మడం మానేశాడు. అక్కడి నుంచి నేరుగా వాళ్ల ఇంటికి పోయాను. కట్ట కింద రేకుల షెడ్డు. ఆయన మంచం మీద ఊరికే కూర్చుని ఉన్నాడు. ఆయన భార్య కింద కూర్చుని వల బాగు చేస్తోంది.

కూర్చోమన్నా కూర్చోకుండా చెప్పేశాను. "ఆ పొద్దు జారింది నీ ముడి కాదప్పా. నువ్వు కట్టింది కోసేసి నేను కట్టినా. తడపకుండా లాగినా."

ఆయన నా మొహంలోకి చూశాడు. "నాది కాదా?" అన్నాడు. తర్వాత భార్య వైపు తిరిగి, "ఏమే, ఇన్యావా? ముడి నాది కాదంట!" అని గట్టిగా నవ్వాడు. రెండు చేతులూ ముందుకు చాపి వేళ్లు ముడిచి తెరిచి చూసుకున్నాడు. అది చూసి నాకు ఏడుపొచ్చినంత పనయింది.

అంతలో అడిగాడు. "మరి నేను కట్టింది ఎందుకు కోసినావు సారూ?"

జవాబు నాలుక మీదే ఉంది. అది చెప్పడానికే వచ్చాననుకున్నాను. "నేనే కట్టి చూద్దామని" అన్నాను. ఆమె వల మీద నుంచి తల ఎత్తి నన్నొకసారి చూసి, మళ్లీ వంచుకుంది.

"నేర్చుకోవల్లనుంటే అడగొచ్చు గదా సారూ. ఇట్ల రా" అని పక్కకు జరిగి మంచం మీద చోటిచ్చాడు. నా సంచిలోంచి తీగ, బొమ్మ తీసుకున్నాడు. నాకు అర్థమయ్యేటట్టు నిదానంగా ఉచ్చు వేసి, మూడు చుట్లు తిప్పి, కొసను వెనక్కి దూర్చాడు. ఆ వేళ్లు ఎక్కడా తడబడలేదు. బిగించే ముందు అలవాటు చొప్పున ముడిని నోటి దాకా తీసుకుపోయాడు.

పెదాలకు తగలబోతుండగా చెయ్యి ఆగింది. నా వైపు చూడలేదు. మంచం కిందున్న చెంబును దగ్గరికి లాక్కుని, ముడిని ఆ నీళ్లలో ముంచి తీశాడు.

"ఇట్లయినా పర్వాలేదులే సారూ" అని నా చేతికిచ్చాడు. "లాగు."

నేను తల వంచుకుని లాగాను.